కారు తలుపు కిర్రుమోత: నూనె వేసినా వారానికే మళ్లీ మొదలవుతోంది

ప్రశ్న (హనుమకొండ నుంచి):
అందరికీ నమస్కారం. తొమ్మిదేళ్లుగా నడుపుతున్న మా కారులో డ్రైవర్ వైపు తలుపు తెరిచిన ప్రతిసారీ కిర్రుమంటోంది. మొదట కొబ్బరి నూనె రెండు చుక్కలు వేశాను, ఆ తర్వాత డబ్ల్యూడీ-40 అనే స్ప్రే కొట్టాను. రెండుసార్లూ వారం రోజులు ఊరుకుని మళ్లీ మొదలైంది. రోజూ కరీంనగర్ రోడ్డులో గ్రానైట్ లారీల వెనకాలే వెళ్లాల్సి వస్తుంది కాబట్టి దుమ్మే కారణమని నా అనుమానం. గ్రీజు పెట్టాలా, కీళ్లే మార్పించాలా?

జవాబు (కాజీపేట నుంచి):
కొబ్బరి నూనె జోలికి ఇక వెళ్లకండి. చలికాలపు తెల్లవారుజామున అది గడ్డకడుతుంది, ఎండాకాలంలో కారిపోయి దుమ్మును అంటించుకుంటుంది. డబ్ల్యూడీ-40ని 1953లో అమెరికాలో తయారుచేసింది లోహం మీది తేమను తొలగించి తుప్పు పట్టకుండా చూడడానికి. అందులోని ద్రావకం ఆవిరయ్యాక మిగిలేది పల్చని పొరే కనుక, బరువైన తలుపు కీలుకు అది ఎక్కువకాలం ఆగదు. అయితే పాత జిడ్డునూ మట్టినీ కరిగించడానికి చక్కగా పనికొస్తుంది. దానితో కీళ్లను కడిగి, పాత బనియన్ గుడ్డతో శుభ్రంగా తుడిచి, ఆరిన తర్వాత తెల్ల లిథియం గ్రీజు స్ప్రేను సన్నని గొట్టంతో కీలు పిన్ను పైనా కిందా పట్టించి, తలుపును ఇరవైసార్లు తెరిచి మూయండి. పైకి వచ్చిన గ్రీజును తప్పకుండా తుడిచెయ్యండి, లేకపోతే గ్రానైట్ దుమ్ము అందులో కలిసి పిన్నును అరగదీస్తుంది.

జవాబు (కరీంనగర్ నుంచి, షెడ్డు నడుపుతాను):
పై సలహా సరైనదే కానీ, మోత కీలు నుంచే వస్తోందని ముందు తేల్చుకోండి సార్. రెండు కీళ్ల నడుమ, తలుపును సగంలో ఆపి పట్టుకునే ఇనుప పట్టీ ఒకటి ఉంటుంది, దాన్ని మేము డోర్ చెక్ అంటాం. ఎవరినైనా తలుపు నెమ్మదిగా కదపమని చెప్పి, మీరు ఒక్కోదాని మీద వేలు ఆనించండి. మోగేదాని అదురు వేలికి తెలుస్తుంది. రబ్బరు బీడింగ్ రాసుకుంటున్నట్లయితే సిలికాన్ స్ప్రే మాత్రమే వాడాలి, మామూలు గ్రీజు తగిలితే రబ్బరు ఉబ్బుతుంది. తలుపును సగం తెరిచి కింది అంచు పట్టుకుని పైకి ఎత్తి చూడండి. టకటకమని ఆడితే కీలు పిన్నో, దాని చుట్టూ ఉండే బుష్షో అరిగిందన్నమాట, అప్పుడు ఏ గ్రీజూ నిలబడదు.

ప్రశ్న అడిగినవారు:
ఈ ఉదయం మా అబ్బాయి తలుపు కదుపుతుంటే చూశాను. ఎత్తితే ఆడడం లేదు, కీళ్లు రెండూ నిశ్శబ్దమే; మోగుతున్నది ఆ పట్టీ. ఇన్నాళ్లూ నేను దాని మీద ఒక్క చుక్క కూడా వేయలేదు.