సాక్షరా, రాక్షసా సరే... తర్వాత ‘సరసో’నా, ‘సరసా’నా?

నుడితోట: ఆరేళ్ళ పిల్లల తారుమారు మాటల ఆటకు ముక్తాయింపుగా ‘సాక్షరా విపరీతాశ్చేద్ రాక్షసా ఏవ కేవలమ్’ చెప్పాలని. చదువుకున్నవాళ్ళు తిరగబడితే రాక్షసులే అని అర్థం; ‘సాక్షరా’ వెనకనుంచి చదివితే ‘రాక్షసా’. రెండో సగం ‘సరసో విపరీతోఽపి’ అనా, ‘సరసా’ అనా? ఆటకు ఏ మాటలతో మొదలుపెట్టాలో కూడా చెప్పండి.

కందగర్భం: సరసో అనే అనాలండీ. చివర ‘సరసత్వం న ముంచతి’ (సరసత్వాన్ని వదలడు) ఏకవచనం. సరసా అంటే బహువచనం, ముంచంతి కావాలి, అప్పుడు ఏడో అక్షరం గురువై అనుష్టుప్పు (పాదానికి ఎనిమిది అక్షరాల శ్లోక ఛందస్సు) చెడుతుంది.

ఇసుకపలక: సరసో తిప్పితే సోరస! రాక్షసా దిగినంత శుభ్రంగా దిగలేదుగా?

కందగర్భం: అక్కడ తిప్పేది ప్రాతిపదికను, అంటే విభక్తి చేరని ‘సరస’ను. సాక్షరాః, రాక్షసాః అన్నవాటికీ విసర్గలున్నాయి. ఒకటి వకారం ముందు, ఒకటి ఏకారం ముందు సంధిలో పోయాయి కనకనే అంత బాగా కుదిరింది.

గుణింతం: పిల్లల సంగతి మరిచారు. ప, ల, క, డ అని నాలుగు అట్టముక్కలు చాలు. పలక తిప్పితే కలప, పడక తిప్పితే కడప. కల, కడ అదనం. గుడి, కొమ్ము కత్తిరించి వేరు ముక్కలు చేయొద్దు, పొల్లు హల్లును పలకలేక పిల్లలు ఆగిపోతారు. సున్నా కూడా అంతే, ‘కలం’లో లం ఒకే ముక్క. కింది అంచున గీత గీయండి, లేకపోతే తలకిందులుగా పేరుస్తారు. ప, వ మొదటిరోజే కలిపి ఇవ్వకండి, పోల్చుకోలేరు. వ కావాలంటే మర్నాడు త, ల, వ ఇవ్వండి: తల, లత, వల, లవ.

ఇసుకపలక: తార, రాత కూడా చేర్చండి.

గుణింతం: అది వేరే ఆట. తార తిప్పితే రతా. రాత రావాలంటే దీర్ఘం మొదటి చోటే ఉండి హల్లులు మాత్రం మారాలి. గుణింతాలు నోటికి వచ్చాక ఆడించాల్సింది.

ఇసుకపలక: దీర్ఘం అక్షరానికే అతుక్కోవాలని ఎవరన్నారు?

కందగర్భం: ముక్కు తిమ్మన! పారిజాతాపహరణంలో ‘నాయశరగ సారవిరయ’ కందం చివర సాగరశయనా. వెనకనుంచి నాయశరగసా. నా, సా దీర్ఘాలతోనే కదిలాయి. నాలుగు పాదాలూ అలాగే నడిపాడు మహానుభావుడు.

ఇసుకపలక: తిమ్మనది ఎటు చదివినా అదే పద్యం. కళాపూర్ణోదయంలో సూరన కందం ఇటునుంచి తెలుగు, అటునుంచి సంస్కృతం. నా ఓటు సూరనకే.

నుడితోట: మరి సరసోనా, సరసానా?

ఇసుకపలక: సరసా తిప్పి చూడండి. సారస! కొలను పక్షి దిగింది. ఆ పాఠాన్ని నేను వదలను.

కందగర్భం: ముంచతిని ఏం చేస్తారు?