స్కోర్ విడ్జెట్: రిఫ్రెష్ 1 నిమిషం పెట్టినా ఆరేడు ఓవర్లు పాత స్కోరే

ప్రశ్న:
ఆండ్రాయిడ్ 14. హోమ్ స్క్రీన్ మీద పెట్టుకున్న క్రికెట్ స్కోర్ యాప్ విడ్జెట్‌లో రిఫ్రెష్ 1 నిమిషం అని పెట్టాను, స్కోరు కదలదు. యాప్ తెరిస్తే మాత్రం టక్కున మారుతుంది. ఇంకోటి, నోట్స్ విడ్జెట్‌ను ముట్టుకుంటే అక్కడే రాయనివ్వదు, యాప్‌లోకి లాక్కెళ్తుంది. సెట్టింగ్ ఏమైనా ఉందా, ఇంతేనా?

జవాబు 1:
విడ్జెట్‌లో ఏం కనపడాలో యాప్ చెప్పి పంపుతుందండి, గీసేది లాంచర్, అంటే హోమ్ స్క్రీన్ చూపించే యాప్. మామూలు పద్ధతిలో డెవలపర్ ఎంత తక్కువ రాసినా సిస్టమ్ 30 నిమిషాలకు ఒక్కసారే యాప్‌ను లేపుతుంది. వెనకాల పనులకు వేళ పెట్టే వర్క్‌మేనేజర్‌ను డెవలపర్ వాడితే 15 నిమిషాలు. అంతకన్నా తరచుగా కావాలంటే మామూలుగా సర్వర్ నుంచి పుష్ (స్కోరు మారిందన్న కబురు) రావాలి, లేదా పైన నోటిఫికేషన్ పెట్టుకుని యాప్ ఆగకుండా నడవాలి (ఫోర్‌గ్రౌండ్ సర్వీస్). ఇవేవీ లేకుండా "1 నిమిషం" ఆప్షన్ ఇవ్వడం డెవలపర్ తప్పే.

మీరు చేయగలిగింది: సెట్టింగ్స్, యాప్స్, ఆ యాప్, బ్యాటరీ, అన్‌రిస్ట్రిక్టెడ్. ఫోన్‌లో ఆటోస్టార్ట్ అని వేరే ఉంటే అదీ ఆన్ చేయండి. దీంతో 30 నిమిషాలది గంటన్నర కాకుండా ఉంటుంది. 30 మాత్రం 1 అవదు.

జవాబు 2:
నోట్స్ సంగతి. విడ్జెట్‌లో పెట్టదగ్గవి కొన్నే: టెక్స్ట్, బొమ్మ, బటన్, నిలువుగా జరిగే జాబితా లాంటివి. ఆండ్రాయిడ్ 12లో చెక్‌బాక్స్, స్విచ్, రేడియో బటన్ చేర్చారు. టైప్ చేసే పెట్టె లేదు. కాబట్టి సరుకుల జాబితాకు టిక్ పెట్టుకోవచ్చు, కొత్త సరుకు రాయాలంటే యాప్‌లోకి వెళ్ళాల్సిందే. పదేళ్ళు దాటినా ఇది మార్చకపోవడం బద్ధకమే అంటాను.

జవాబు 3:
ఐఫోన్‌కి మారితే తీరుతుందనుకోకండి. అక్కడ తరచూ చూసే విడ్జెట్‌కే రోజుకు సుమారు 40 నుంచి 70 రిఫ్రెష్‌లు. ఆ విడ్జెట్లలో బటన్లు పనిచేయడం మొదలైందే 2023లో, ఐఓఎస్ 17తో. స్కోర్‌కైతే అక్కడ లైవ్ యాక్టివిటీ (లాక్ స్క్రీన్ మీద జరుగుతున్నది చూపించే పెట్టె) నయం.

ప్రశ్న అడిగినవారు:
మరి సెకన్ల ముల్లున్న గడియారం విడ్జెట్లు ఎలా తిరుగుతున్నాయి?

జవాబు 1:
వాటికి యాప్ లేవక్కర్లేదు. టెక్స్ట్‌క్లాక్, అనలాగ్‌క్లాక్, క్రోనోమీటర్ అని ఆండ్రాయిడ్‌లో ఉన్న రెడీమేడ్ గడియారాలు లాంచర్‌లోనే తిరుగుతాయి. స్కోర్ బయటి నుంచి రావాలి, అదే తేడా. అన్నట్టు, విసుగొచ్చి ఫోర్స్ స్టాప్ నొక్కకండి. యాప్‌ను మళ్ళీ తెరిచేదాకా అసలే లేవదు. ఆండ్రాయిడ్ 15లోనైతే విడ్జెట్ బూడిద రంగులోకి మారిపోతుంది, ముట్టుకున్నా పలకదు.