గనుల డబ్బు ఖజానాలో కలిపేయాలా, విడిగా దాచాలా?

ఎర్రమట్టి:
అసెంబ్లీ ప్రశ్నోత్తరాలు చూసేవాళ్లకి ఈ తంతు అలవాటే. ఓ ఎమ్మెల్యే లేచి “గనుల మీద ఎంత వచ్చింది, దేనికి ఖర్చు పెట్టారు” అని అడుగుతారు. మొదటి ముక్కకి మంత్రి ఒక అంకె చదువుతారు. రెండో ముక్కకి “సంచిత నిధికి జమ అయింది అధ్యక్షా” అంటారు. అంతే. మంత్రి జారుకున్నాడని మనం తిట్టుకుంటాం గానీ, ఆ జవాబులో అబద్ధం లేదు. రాజ్యాంగం 266వ అధికరణం ప్రకారం రాయల్టీ (తవ్విన ఖనిజానికి లీజుదారు కట్టేది) అయినా, స్టాంపు డ్యూటీ అయినా, ఎక్సైజు అయినా పడేది సంచిత నిధి అనే ఆ ఉమ్మడి కుండలోనే. పడ్డాక ఏ చుక్క ఏ బావిదో ఎవరు చెప్తారు?

నా బాధ అది కాదు. రిజిస్ట్రేషన్ల ఆదాయం వచ్చే ఏడాదీ వస్తుంది. రాయలసీమలోని మంగంపేటలో తవ్వి అమ్మిన ముగ్గురాయి (బెరైటీస్) మళ్లీ పుట్టదు. అంటే అది రాబడి కాదు, ఆస్తి అమ్మకం. మనమేమో దాన్ని పన్నేతర రాబడి అని రాసుకుని, రెవెన్యూ లోటు తగ్గిందని సంబరపడతాం. పొలం అమ్మి పెళ్లి భోజనాలు పెట్టి “ఈ ఏడు ఆదాయం బాగుంది” అనుకోవడమే ఇది. ఈ డబ్బుకి విడిగా ఒక నిధి ఉండాలి. అసలు ముట్టుకోకూడదు, వడ్డీయే వాడాలి. కాదనేవాళ్లు చెప్పండి.

పద్దుల పురుగు:
నేను కాదంటాను. మొదట చిన్న సవరణ. ఏ చుక్క ఏ బావిదో కుండలో పడేముందు తెలుస్తుంది, బడ్జెట్ పుస్తకాల్లో గనులకున్న 0853 పద్దు తీసి చూడండి. గనుల రాబడి అక్కడ విడిగానే ఉంటుంది. తెలియనిది ఖర్చు వైపే.

ఇక పొలం పోలిక. పొలం అమ్మి ఆ డబ్బుతో అప్పు తీర్చినవాణ్ణి తిడతామా? మన రాష్ట్రాలు ఏటా బాండ్లమ్మి అప్పు తెచ్చుకుంటున్నాయి. ఒక చేత్తో ఎక్కువ వడ్డీకి తెచ్చి, రెండో చేత్తో తక్కువ వడ్డీకి దాచడం పొదుపెలా అవుతుంది? అందరూ నార్వే అంటారు. నార్వే చమురు నిధికి చట్టం చేసింది 1990లో. అందులో మొదటి జమ పడింది 1996లో. మధ్యలో ఆరేళ్లు ఎందుకు ఆగారు? బడ్జెట్‌లో మిగులు లేక. మిగులు లేనిదే నిధి లేదని వాళ్లకి తెలుసు.

చెరువుగట్టు:
మీ ఇద్దరూ హైదరాబాద్, అమరావతి నుంచి చూస్తున్నారు. నేను గని పక్కన ఉంటాను. విడి నిధి కావాలంటున్నారు కదా ఎర్రమట్టి గారూ, ఆల్రెడీ ఉందండీ. 2015లో గనుల చట్టం సవరించి, గనుల వల్ల ఇబ్బందిపడే ఊళ్ల కోసం జిల్లా ఖనిజ ట్రస్టులు పెట్టారు. పాత లీజులవాళ్లు రాయల్టీ మీద 30 శాతం, వేలంలో తీసుకున్నవాళ్లు 10 శాతం అదనంగా కట్టాలి. ఇది ఖజానాకి పోదు. ఖజానాకి పోదు కాబట్టి సభలో ఓటింగుకీ రాదు. ఎమ్మెల్యే అడిగితే “అది జిల్లా ట్రస్టు విషయం” అంటారు.

ఇంకో తమాషా ఉంది. 2021లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చి ఎంపీలనీ ఎమ్మెల్యేలనీ ఆ ట్రస్టు పాలకమండలిలో కూర్చోబెట్టింది. ఛైర్మన్ కలెక్టర్. ప్రశ్న అడగాల్సినాయనే తీర్మానం మీద సంతకం పెట్టినవాడైతే ఇంక సభలో ఏం అడుగుతాడు?

మా మండలంలో దుమ్ము తిని దగ్గే ఊళ్లు నాలుగున్నాయి. ట్రస్టు డబ్బుతో లేచింది మాత్రం మండల కేంద్రంలో ఓ మీటింగ్ హాలు. కనీసం 60 శాతం తాగునీరు, వైద్యం, చదువులాంటి వాటికి పెట్టాలని 2015 మార్గదర్శకాల్లోనే రాశారు. హాలు దేనికింద వస్తుందో అడిగాను, ఇంకా చెప్పలేదు.

ఎర్రమట్టి:
చెరువుగట్టు గారి మాటతో నా వాదన కొంచెం వంగింది, ఒప్పుకుంటున్నా. నేనడిగేది ఖర్చుపెట్టే ట్రస్టు కాదు, దాచే నిధి. గోవాలో ఇనుప ఖనిజం అమ్మకం ధరలో 10 శాతం శాశ్వత నిధికి వెయ్యాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. అమెరికాలో అలాస్కా రాష్ట్రంవాళ్లు 1976లో రాజ్యాంగంలోనే రాసుకున్నారు, ఖనిజాల రాయల్టీలో కనీసం పాతిక శాతం పక్కన పెట్టాలని. 1982 నుంచి దాని లాభంలో వాటా మనిషి మనిషికీ పంచుతున్నారు. అక్కడ లెక్క అడగడానికి ఎమ్మెల్యే అక్కర్లేదు. చెక్కు తగ్గితే ఊరంతా అడుగుతుంది.

పద్దుల పురుగు:
పసిఫిక్‌లోని చిన్న ద్వీప దేశం నౌరు కథ కూడా చెప్పండి మరి. ఫాస్ఫేట్ డబ్బు వాళ్లూ ట్రస్టులో పెట్టారు. లండన్‌లో ఓ సంగీత నాటకానికి కూడా పెట్టుబడి పెట్టి పోగొట్టుకున్నారు. మెల్‌బోర్న్‌లో కట్టుకున్న పెద్ద భవనాన్ని 2004లో అమ్ముకున్నారు. నిధి అని పేరు పెడితే చాలదు.

పాత ఆడిట్:
రిటైరయ్యాక ఇలాంటి చర్చల్లోకి రాకూడదనుకున్నా, కానీ ఆగలేకపోతున్నా. మీరంతా ఖజానాకి చేరిన డబ్బు గురించి కొట్టుకుంటున్నారు. చేరకముందే పోయేది ఎక్కువ బాబూ.

ఇనుప ఖనిజమే తీసుకోండి. టన్నుకి ఇంత అని కాదు, గనుల బ్యూరో ప్రకటించే సగటు అమ్మకం ధర మీద 15 శాతం రాయల్టీ. ఆ ధర గ్రేడుని, అంటే ఖనిజం నాణ్యతని బట్టి మారుతుంది. మంచి ఖనిజాన్ని నాసిరకం అని రాస్తే చాలు, ఎవరూ ఏదీ దొంగిలించినట్టు కనిపించదు. అన్ని రసీదులూ ఉంటాయి. లారీ కాటా దగ్గర ఒక బరువు, రేవులో ఒక బరువు. 2011 కర్ణాటక లోకాయుక్త నివేదికలో దొంగ దొరికింది ఇలాగే, ఇచ్చిన పర్మిట్లనీ రేవుల ఎగుమతులనీ పక్కపక్కన పెట్టి చూస్తే. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదికలు కూడా ఈ పని చేస్తాయి, కానీ అవి సభ ముందుకొచ్చేసరికి మంత్రి మారి ఉంటాడు, ఒక్కోసారి ప్రభుత్వమే మారి ఉంటుంది.

అందుకే “ఎంత వచ్చింది” అన్నది పనికిమాలిన ప్రశ్న. “ఎన్ని టన్నులు, ఏ గ్రేడు” అని అడగాలి.

ఎర్రమట్టి:
ఇది నాకు తట్టలేదు సార్. ఒక్క మాట మాత్రం కలుపుతా. 2024 జులై 25న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం 8-1 తేడాతో రాయల్టీ పన్ను కాదని తేల్చింది. లీజుకిచ్చిన యజమానికి కట్టే ప్రతిఫలం అంది. నేను ఆస్తి అమ్మకం అన్నది ఇందుకే.

పద్దుల పురుగు:
ఆ తీర్పుతోనే రాష్ట్రాలకి ఖనిజ హక్కుల మీద పన్ను వేసే దారి తెరుచుకుంది, అది కూడా చెప్పాలిగా. అలాంటి చట్టాలున్న రాష్ట్రాలు 2005 ఏప్రిల్ 1 నుంచి పాత బకాయిలు అడగొచ్చు. చెల్లింపు 2026 ఏప్రిల్ నుంచి పన్నెండేళ్ల వాయిదాల్లో. సరే, ఇక్కడ మీతో కలుస్తా. ఈ బకాయిలు ఏ బడ్జెట్లోనూ లెక్క వేసుకున్నవి కావు. ఇవి అప్పు తీర్చడానికో నిధికో పోవాలి, జీతాలకి మాత్రం పోకూడదు.

చెరువుగట్టు:
అయితే మా ఎమ్మెల్యేకి ఓ కాగితం రాసిద్దాం. (ఎ) పర్మిట్లు ఎన్ని టన్నులకిచ్చారు, రైలు, రేవు లెక్కల్లో ఎన్ని టన్నులు వెళ్లాయి? (బి) గ్రేడులవారీగా వివరాలు? (సి) మా నాలుగు ఊళ్ల మీద ట్రస్టు పెట్టిన ఖర్చు?

పాత ఆడిట్:
(బి)కి “సమాచారం సేకరిస్తున్నాం” అని వస్తుంది. (సి)ని అంతకంటే ముందే, జిల్లా ట్రస్టు విషయమని స్పీకర్ ఆఫీసులోనే కొట్టేస్తారు. ముందు (సి)ని విడి ప్రశ్నగా రాయండి, అప్పుడు కనీసం మిగతావి బతుకుతాయి.