వేటాడుతోంది, వేటాడేది, వేటాడేదేమో: ఏది ఎక్కడ?

ప్రశ్న: అంతరించిపోయిన క్షీరదాల గురించి కంప్యూటర్ యానిమేషన్‌తో తీసిన ఒక టీవీ డాక్యుమెంటరీకి తెలుగు వ్యాఖ్యానం రాస్తున్నాను. కత్తికోరల పిల్లిజాతి జంతువులైన స్మైలోడాన్ల గుంపు ఒక జంతువు మీద పడే సన్నివేశం ఉంది. ఇంగ్లీషులో మొత్తం వర్తమానంలోనే నడిపారు. తెలుగులో "స్మైలోడాన్ గుంపుగా వేటాడుతుంది" అంటే సరిపోతుందా?

జవాబు: సరిపోదనే నా అభిప్రాయం అండి. "పులి రాత్రిపూట వేటాడుతుంది" అన్నప్పుడు పులి ఇప్పటికీ ఉంది, ఇప్పటికీ వేటాడుతుంది. స్మైలోడాన్ కనుమరుగై దాదాపు 10,000 ఏళ్లయింది. దానికి అదే క్రియారూపం వాడితే ఎవరో అడవిలో కాపు కాసి చూసొచ్చినట్టు ఉంటుంది. 2001లో బీబీసీ "వాకింగ్ విత్ బీస్ట్స్" తీసింది సరిగ్గా ఆ పద్ధతిలోనే, కెమెరా పట్టుకుని వాటి వెంట తిరిగినట్టు. చూడ్డానికి అద్భుతంగా ఉంటుంది. కానీ ఏది తెలిసిన సంగతో, ఏది ఊహో ప్రేక్షకుడికి ఆ బొమ్మ చెప్పదు. ఆ పని మన క్రియ చివరి ముక్క చేయగలదు.

బొమ్మలో జరుగుతున్నదానికి "వేటాడుతోంది" వాడండి, ఇబ్బంది లేదు. ఎముకలు, దేహాలు తేల్చిన విషయానికి "ఉండేది", "తాగింది" లాంటి సూటి రూపాలు. 2007లో సైబీరియాలోని యమల్ ద్వీపకల్పంలో దొరికిన మామత్ (అంతరించిపోయిన బొచ్చు ఏనుగు) పిల్ల ల్యూబా కడుపులో పాల ఆనవాళ్లున్నాయి. కాబట్టి "తల్లిపాలు తాగింది" అని ధైర్యంగా రాయొచ్చు. స్మైలోడాన్ గుంపుగా వేటాడడం అలాంటిది కాదు. లాస్ ఏంజెలెస్‌లోని లా బ్రేయా తారు గుంటల్లో, దెబ్బతిని మళ్లీ మానిన స్మైలోడాన్ ఎముకలు దొరికాయి. గాయపడినదానికి తోటివి తిండి దక్కనిచ్చి ఉంటాయని కొందరు శాస్త్రవేత్తలంటారు, ఇంకొందరు ఒప్పుకోరు. అక్కడ "వేటాడేదేమో", "వేటాడేది కాబోలు" నయం.

"వేటాడి ఉంటుంది" మాత్రం జాగ్రత్త. అది ఒకసారి జరిగినదాని గురించిన ఊహకు బాగా అతుకుతుంది, అలవాటుకు అంతగా అతకదు. "ఈ ఎముక మీద గాట్లున్నాయి, ఏదో కొరికి ఉంటుంది" అంటే ఎంత సహజంగా ఉందో చూడండి.

ఇంకొకరి జవాబు: పై మాటతో చాలావరకు ఏకీభవిస్తాను. కాకపోతే వ్యాఖ్యాత గొంతులో "ఏమో" పదేపదే వస్తే సందేహంతో నసుగుతున్నట్టు వినిపిస్తుంది. "వేటాడేదట" అన్నా కథ చెప్పినట్టే ఉంటుంది. "గుంపుగా వేటాడేదని కొందరు శాస్త్రవేత్తలు అనుకుంటున్నారు" అంటే హుందాగానూ ఉంటుంది, ఊహ ఎవరిదో కూడా తెలుస్తుంది.

ఇంకో సంగతి, ఈ రూపాలు మారుతుంటాయి. కత్తికోరల జంతువుల బొచ్చు రంగు అంతా ఊహే అన్నట్టుండేది. సైబీరియాలోని యకూతియా మంచునేలలో దొరికిన హోమోథీరియం (ఇదీ కత్తికోరల జంతువే) పిల్ల దేహం వివరాలు 2024లో వెలువడ్డాయి, దాని బొచ్చు ముదురు గోధుమ రంగు. ఆ పిల్ల వరకు ఇక "ఉండేది" అనేయొచ్చు. పెద్ద హోమోథీరియానికి, స్మైలోడాన్‌కి ఇంకా "ఉండేదేమో"నే.

మీ వాక్యం నేనైతే ఇలా రాస్తాను: "ఇదిగో, గుంపు కదులుతోంది. స్మైలోడాన్ ఇలా కలిసి వేటాడేదని కొందరు శాస్త్రవేత్తలు భావిస్తున్నారు."