ఒంటరి పెద్దల ఇంట్లో విద్యార్థినికి గది: కాగితంలో ఏమి రాసుకోవాలి?

ప్రశ్న: నమస్కారమండి. నెల్లూరు దర్గామిట్టలో సొంత ఇంట్లో ఒక్కదాన్నే ఉంటున్నాను, వయసు 71. కాకుటూరు దగ్గరి విక్రమ సింహపురి విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్సీ. చదువుతున్న ఉదయగిరి అమ్మాయికి చోటిచ్చి, రాత్రిపూట తోడుగా ఉన్నందుకు అద్దె తగ్గిద్దామనుకుంటున్నాను. ఆమె ఖాళీ చేయకపోతే ఎలా అని మా అబ్బాయి భయపడుతున్నాడు. మేడ మీది పోర్షన్ ఇవ్వాలా, కింది గది ఇవ్వాలా?

సమాధానం: అమ్మా, కింది గదే ఇవ్వండి. వేరే మెట్లు, వేరే తాళంతో పోర్షన్ మొత్తం అప్పగిస్తే, కాగితం మీద ఏ పేరు పెట్టుకున్నా కోర్టు దాన్ని అద్దె కిందే చూసే అవకాశం ఎక్కువ. మీరు కూడా తిరిగే ఇంట్లో ఒక గది వాడుకోనిస్తే, అది 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం 52వ సెక్షన్ చెప్పే లైసెన్సుకు, అంటే కేవలం అనుమతికి, దగ్గరగా ఉంటుంది; అద్దెకున్నవారి కంటే అలా ఉన్నవారిని ఖాళీ చేయించడం తేలిక. ముసాయిదాను స్థానిక న్యాయవాదికి ఒకసారి చూపించండి.

అంతకంటే ముఖ్యమైనది, నా దృష్టిలో, తోడు అంటే ఏమిటో ముందే తేల్చుకోవడం. నెదర్లాండ్స్‌లోని డెవెంటర్‌లో హ్యుమానిటాస్ అనే వృద్ధుల నివాసం, నెలకు 30 గంటలు పెద్దలతో గడిపే విద్యార్థుల దగ్గర అద్దె తీసుకోదు. అలా గంటలు చెప్పుకోకపోతే, మొదట మందుల షాపుకు వెళ్లి రమ్మన్న మాట మెల్లగా అంట్లు తోమడం దాకా వస్తుంది. ఆ అమ్మాయి మొహమాటంతో కాదనలేక చదువు పోగొట్టుకుంటుంది. రాత్రి ఎన్నింటికల్లా ఇంటికి చేరాలి, మోటారు ఎవరు వేయాలి, వంటగది ఏ వేళల్లో వాడుకోవచ్చు అన్నవి రాయండి. ఇన్సులిన్ ఇవ్వడం, స్నానం చేయించడం వంటివి ఆమె బాధ్యత కాదని స్పష్టంగా రాయండి. సెమిస్టర్ పరీక్షలప్పుడు, సంక్రాంతికి ఊరు వెళ్లినప్పుడు మీకు తోడుగా ఎవరు ఉంటారో మీ అబ్బాయే చూసుకోవాలి. ఇద్దరిలో ఎవరు వద్దనుకున్నా నెల రోజుల ముందు చెప్పాలన్న షరతు ఉండాలి. ఆమె తల్లిదండ్రులను ఇంటికి పిలిచి, వారి ఎదుటే చదివి వినిపించండి.

ప్రశ్న: కరెంటు బిల్లు చెరి సగం అనుకోవచ్చా?

సమాధానం: వద్దమ్మా. వాడకం పెరిగేకొద్దీ పై శ్లాబులోని యూనిట్లకు రేటు పెరుగుతుంది కాబట్టి, ఆమె గదికి సబ్ మీటరు పెట్టించి, ప్రతి నెలా ఒకటో తేదీన ఇద్దరూ కలిసి రీడింగు రాసుకోండి.