ఎంఆర్ఐలో మచ్చలు కనబడ్డాక వెన్నునీరు కూడా తీయించాలా?

ప్రశ్న:
మెదడు ఎంఆర్ఐ చూసి మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్, నరాల పైపొర దెబ్బతినే జబ్బు) అనుమానమన్నారు. వెన్నునీటి పరీక్ష, వీఈపీ (చూపు నరం పనితీరు చూసే పరీక్ష) కూడా రాశారు. తప్పనిసరా అండి?

జవాబు 1:
అందరికీ కాదండి. ఎంఎస్ నిర్ధారణకు వాడే 2017 మెక్‌డొనాల్డ్ ప్రమాణాల ప్రకారం మచ్చలు వేర్వేరు చోట్ల, వేర్వేరు కాలాల్లో వచ్చాయని తేలాలి. గాడోలినియం అనే కాంట్రాస్ట్ మందు ఎక్కిస్తే కొత్త మచ్చ మెరుస్తుంది, పాతది మెరవదు. రెండు రకాలూ ఒకే స్కాన్‌లో దొరికితే కాలం సంగతి తేలినట్టే. దొరక్కపోతే అవే ప్రమాణాల ప్రకారం వెన్నునీటిలోని ఒలిగోక్లోనల్ బ్యాండ్లు (పరీక్షలో గీతల్లా కనబడే యాంటీబాడీలు) ఆ లోటు తీరుస్తాయి.

జవాబు 2:
బ్యాండ్ల పరీక్షకు వెన్నునీరొక్కటే పంపితే డబ్బు దండగ. అప్పుడే తీసిన రక్తాన్నీ పక్కపక్కనే నడిపి చూడాలి. రక్తంలో లేకుండా నీటిలోనే 2 లేదా అంతకు మించి గీతలుంటే పాజిటివ్. రెండింటిలో ఒకేలా ఉంటే అవి రక్తంలోంచి దిగినవే.

జవాబు 3:
వీఈపీకి తలకు నూనె రాసుకోకుండా వెళ్లండి, ఎలక్ట్రోడు సరిగా అంటదు. కళ్లజోడుంటే పెట్టుకునే గళ్ల తెర చూడాలి, మసక చూపుతోనూ తెర చూసినప్పుడు మెదడులో పుట్టే సంకేతపు అల ఆలస్యమవుతుంది. పీ100 అనే ఆ అల 100 మిల్లీసెకన్ల దగ్గర రావాలి. ఎత్తు తగ్గకుండా బాగా ఆలస్యమైతే నరాన్ని కప్పే మైలిన్ పొర దెబ్బతిందని అనుమానం.

ఇంకోటి, దయచేసి మరవకండి: వెన్నుపాములో మచ్చ మూడు వెన్నుపూసలు లేదా అంతకు మించిన పొడవుంటే, ఎన్ఎంఓ (చూపు నరాన్నీ వెన్నుపామునూ దెబ్బతీసే వేరే జబ్బు)ను పట్టే ఆక్వాపోరిన్-4 యాంటీబాడీ రక్తపరీక్ష సెల్ బేస్డ్ పద్ధతిలో (కణాలపై చేసే పద్ధతి) చేయించండి. జబ్బు ఎన్ఎంఓ అయితే కొన్ని ఎంఎస్ మందులు జబ్బును ముదరబెడతాయి.