2,10,000 కి.మీ. తిరిగిన మల్టీజెట్ సెడాన్: రీమ్యాప్ చేయించవచ్చా?

ప్రశ్న: అన్నలూ, 1.3 లీటర్ మల్టీజెట్ డీజిల్ ఇంజిన్, 75 పీఎస్, 2012 మోడల్. 2,000 ఆర్‌పీఎం లోపు పికప్ లేదు, ఘాట్ ఎక్కితే నల్లపొగ. రీమ్యాప్ (పవర్ పెరిగేలా ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం)తో సరిపోతుందా?

జవాబు 1: తొందరపడకు తమ్ముడూ. రీమ్యాప్ డీజిల్ పెంచుతుంది; గాలి తగ్గినచోట డీజిల్ పెంచితే పొగ ఇంకా ఎక్కువవుతుంది. ముందు ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లబరిచేది) హోస్‌లు విప్పి, క్లాంప్ కూర్చునే చోట వేళ్లతో వంచి చూడు. సన్న చీలిక అలా వంచితేనే తెరుచుకుంటుంది. లోపల పల్చటి ఆయిల్ తడి మామూలే. ఈజీఆర్ వాల్వ్ (కొంత పొగను తిరిగి ఇంజిన్‌లోకి పంపేది) విప్పి మసి తీయించు, గ్యాస్కెట్ కొత్తది వెయ్యి. మ్యాప్ సెన్సర్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడిని కొలిచేది) కూడా తుడిపించు, చాలామంది వదిలేసేది అదే.

జవాబు 2: తర్వాత ఇంజెక్టర్ రిటర్న్ టెస్ట్. ఇంజెక్టర్ల నుంచి మిగులు డీజిల్ వెనక్కి వెళ్లే నాలుగు రిటర్న్ పైపులకు ఒకే సైజు సీసాలు పెట్టి ఐడిలింగ్‌లో నడపాలి. ఒకదాంట్లో మిగతావాటికంటే బాగా ఎక్కువ డీజిల్ చేరితే ఆ ఇంజెక్టర్ అరిగినట్టే. ఇంజెక్టర్ బయటికి తీస్తే రాగి వాషర్ మార్చాల్సిందే. పాతది వేస్తే కంప్రెషన్ లీకై ఇంజెక్టర్ చుట్టూ మసి తారులా గట్టిపడుతుంది.

జవాబు 3: పొద్దున స్టార్ట్ చేయగానే ముందువైపు గలగల వస్తే టైమింగ్ చైన్ సాగిందేమో చూపించండి. చైన్ ఒక్కటే కాదు, టెన్షనర్, గైడ్లు కూడా కలిపి మార్చాలి. ఇక క్లచ్: నాలుగో గేర్‌లో 40 కి.మీ. వేగం దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే, బండి అందుకోకుండా ఆర్‌పీఎం మాత్రమే లేస్తే రీమ్యాప్ మాటే వద్దు. ఉన్న 190 ఎన్ఎం టార్క్‌కే జారే క్లచ్ అంతకుమించి ఆగదు.